బస్రా తాత బిళ్ళ

మా ఇంట్లో పూజకు ప్రత్యేకమైన గది లేదు. వంటింటి గోడకున్న చిన్న అలమరనే దేవుడి గూడుగా మార్చుకున్నాము. అందులో కుంకుమ భరిణె పక్కన ఒక వెండి ఉగ్గుగిన్నె ఉంటుంది. నేను ఐర్లండుకు బయలుదేరిన నాడు మా అమ్మ దానిని నా చొక్కాల మడతల్లో చుట్టి పెట్టె అడుగున దాచింది. ఈ పత్రిక చదివే పిల్లలలో కొందరికి ఆ పేరు కొత్త కావచ్చు. పసిబిడ్డకు పాలు, పలుచని జావ, ఆముదం వంటివి పట్టడానికి ఒక అంచును పక్షిముక్కులా సాగదీసి చేసిన చిన్న గిన్నె అది. అలా పట్టేదే ఉగ్గు. బాగా చిన్నతనంలోనే అబ్బిన విద్యను ఉగ్గుపాలతో నేర్చినది అనడం అందుకే. మా నాన్నగారు, మేనత్త, నేను, నా చెల్లెలు, చివరకు ఈ దేశంలో పుట్టిన మా అమ్మాయి, అందరమూ ఆ గిన్నె ముక్కు చప్పరించినవాళ్ళమే.

ఆ గిన్నె పూర్వాశ్రమంలో ఒక యుద్ధపతకం.

మా ముత్తాత, అంటే మా నాన్నగారికి తాత, మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ దళంలో పనిచేశారు. వంతెనలు కట్టడం, బాటలు వేయడం, కందకాలు తవ్వడం ఆ దళం వృత్తి. బెంగుళూరు దాని కేంద్రం. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు, వెళ్ళి వచ్చారు. ఓడ దిగిన రేవు పేరు బస్రా. ఊళ్ళో ఆ పేరే ఆయనకు స్థిరపడిపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా కొలువు చేసి ఇంటికి చేరిన మనిషిని ఊరు ఒక్క రేవు పేరుతో పిలిచి ఊరుకుంది. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. ఆ చుట్టుపక్కలనే మిలిటరీ మాధవరం అని పేరుపడిన మాధవరం ఉంది. తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి మనుషులను పంపిన ఊరు అది, తమ సైనికుల కోసం స్మారకం కూడా కట్టుకున్నారు. మా ఊరికి అంత కీర్తి లేదు. మాకున్నది ఒక్క బస్రా తాత.

పతకాన్ని మావాళ్ళు పతకం అనలేదు. బిళ్ళ అన్నారు. కచేరీలో ఇత్తడి బిళ్ళ తగిలించుకున్న నౌకరును బిళ్ళబంట్రోతు అన్నట్టే, దొరల సొమ్ము గుండ్రంగా ఉండి ఒంటి మీద వేలాడితే మనవాళ్ళకు అది బిళ్ళే.

ఆ బిళ్ళ గిన్నె అయిన కథ మా ఇంట్లో రెండు విధాలుగా ఉండేది. నాయనమ్మ చెప్పిన కథలో, మా నాన్నగారు పుట్టినప్పుడు తాత తానే దానిని తీసి కంసాలి చేతిలో పెట్టారు. “నా రొమ్ము మీద వేలాడి ఏం ఉద్ధరించింది? బిడ్డ నోటికి పనికొస్తుంది” అన్నారట. మా నాన్నగారు చెప్పిన కథలో తాతమ్మ ఆయనకు తెలియకుండా ఆ పని చేయించింది. ఆయన మూడు నెలలపాటు ఆమెతో మాట్లాడలేదు. నాన్నగారు ఈ కథ చెప్పి నవ్వేవారు. నాయనమ్మ నవ్వేది కాదు. చిన్నప్పుడు నాకు మొదటి కథ నచ్చేది. పెళ్ళయిన తరువాత రెండవదే నిజమనిపించసాగింది.

ఇంతకు మించి ఆ విషయం ఆలోచించే అవసరం నాకు కలగలేదు, పోయిన శీతకాలం దాకా.

మా వీధిలో రెండిళ్ళ అవతల ఒక ఐరిష్ పెద్దాయన ఉంటారు. ఇల్లు అమ్మి కూతురి దగ్గరకు వెళ్ళిపోవాలని అటక మీది సామాను దింపుతూ, ఒక సాయంత్రం బిస్కెట్ల డబ్బా పట్టుకొని మా తలుపు తట్టారు. “మీరు మద్రాసు వైపువాళ్ళు కదా?” అన్నారు. సాధారణంగా నేను ఈ మాటను సరిదిద్దుతాను. మద్రాసు వేరు, మేము వేరు అని మ్యాపు కూడా చూపిస్తాను. ఆ రోజు సరిదిద్దలేదు, ఎందుకంటే ఆయన చేతిలోని పాత సైనిక కాగితంలో నిజంగానే మద్రాసు అని ఉంది.

డబ్బాలో మూడు పతకాలున్నాయి. ఆయన తాతవి. ఆ తాత రాయల్ డబ్లిన్ ఫ్యూసిలియర్స్ మొదటి పటాలంలో సైనికుడు. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు ఆ పటాలం మద్రాసులో ఉన్నది. సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు మీద గుళ్ళు కురిపించి చమురు తొట్లను తగులబెట్టిన సంగతి మన పెద్దవాళ్ళు కథలుగా చెప్పుకున్నదే. ఆ తరువాత పటాలం స్వదేశానికి తిరిగివచ్చి, 1915 ఏప్రిల్ 25న గలిపొలీ తీరంలో దిగింది. తీరం చేరకముందే పడవల్లోనే ఎందరో చనిపోయారు. ఆయన తాత బతికి వచ్చారు. వచ్చి ఏమీ చెప్పలేదు.

మూడింటిలో ఒకటి కంచు నక్షత్రం, ఒకటి ఇంద్రధనుస్సు రంగుల రిబ్బనున్న కంచు విజయపతకం. ఈ రెంటికీ నడుమ వెండి బ్రిటిష్ వార్ మెడల్. అప్పటి పత్రికలో వచ్చిన బొమ్మల కథలోని ముగ్గురు నేస్తాల పేర్లతో ఈ మూడింటినీ కలిపి పిప్, స్క్వీక్, విల్ఫ్రెడ్ అని ముద్దుగా పిలిచేవారట. నేను వెండిదానిని చేతిలోకి తీసుకున్నాను. ఒకవైపు ఐదవ జార్జి ముఖం, చుట్టూ లాటిన్ అక్షరాలు. వాటిలో చివరి మాటలకు ఇండియా చక్రవర్తి అని అర్థం. రెండవవైపు గుర్రం మీద దిగంబరుడైన యోధుడు, గుర్రపు డెక్కల కింద డేగ గుర్తున్న డాలు, ఒక కపాలం. అంచు మీద, కంటికి ఆనీ ఆననంత చిన్నగా, ఆ తాత నంబరు, హోదా, పేరు, రెజిమెంటు.

మా ఉగ్గుగిన్నె ఇదీ అని నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ మేము తాగినది ఇందులోనే.

1919 జూలైలో ఈ పతకాన్ని నెలకొల్పారు. అంతకు మూడు నెలల ముందే జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిగాయి. అప్పుడు పంజాబును ఏలుతున్న మైకేల్ ఓడ్వయర్ ఈ దేశపు టిప్పరేరీవాడే. వెండి పతకాలు 65 లక్షల దాకా తయారయ్యాయి. కూలిదళాలలోనూ, సైన్యం వెంట నడిచిన పనివాళ్ళలోనూ ఎందరికో వెండి ఇవ్వలేదు, కంచు ఇచ్చారు. కాబట్టి మా గిన్నె వెండిదైనందుకు ఒక అర్థముంది: బస్రా తాతను లెక్కలో సైనికుడిగానే రాసుకున్నారు.

పెద్దాయన ఆ డబ్బాను నా దగ్గర రెండు వారాలుంచి వెళ్ళారు. “మీ అమ్మాయికి చూపించండి. మా ఇంట్లో ఇవి ఎప్పుడూ గోడకెక్కలేదు” అన్నారు. కారణం నేను అడగలేదు గాని, ఈ దేశంలో పదేళ్ళకు పైగా ఉన్నవాడికి అది తెలియనిది కాదు. ఆ యుద్ధంలో సుమారు రెండు లక్షలమంది ఐరిష్‌వారు బ్రిటిష్ సైన్యంలో పనిచేశారు. వాళ్ళు బయలుదేరిన ఊరు వేరు, తిరిగివచ్చిన ఊరు వేరు. నడుమ 1916 ఈస్టరు తిరుగుబాటు వచ్చింది, తరువాత స్వాతంత్ర్య సమరం. 1922లో ఆ రెజిమెంటునే రద్దు చేశారు. 1920ల దాకా నవంబరు 11న డబ్లిన్ వీధుల్లో మాజీ సైనికులు వేలుగా కలిసేవారు. క్రమంగా ఆ జనం పలచబడ్డారు, పతకాలు సొరుగుల్లోకి, సొరుగుల నుంచి అటకల మీదికి చేరాయి. మా బ్లాంచర్డ్స్‌టౌన్ ఆసుపత్రికి జేమ్స్ కొనొలీ పేరు పెట్టారు. 1916 తిరుగుబాటు నాయకుడిగా తుపాకులకు బలైనవాడు. ఆయన కూడా పడుచుతనంలో బ్రిటిష్ సైన్యంలో పనిచేశాడని జీవితచరిత్రకారులు రాశారు. ఆ ఆసుపత్రిలో పనిచేసే మనవాళ్ళు ఎంతమందికి ఈ సంగతి తెలుసో.

మా అమ్మాయి పతకాన్ని తిప్పి తిప్పి చూసి అడిగిన మొదటి ప్రశ్న: “నాన్నా, మన తాత అల్లూరి సీతారామరాజు వైపా, వాళ్ళ వైపా?”

దానికి సినిమా వల్ల అల్లూరి తెలుసు. నాకు వెంటనే జవాబు రాలేదు. 1922 ఆగస్టులో అల్లూరి మన్యంలో చింతపల్లి ఠాణా మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన నాటికి మా తాత ఆ ప్రభుత్వపు కొలువులోనే ఉన్నారు. ఆయన ఆనాడు ఏమనుకున్నారో ఎవరికీ చెప్పినట్టు లేదు. నేను కూలి, జీతం, కరువు అని ఏదో చెప్పబోయాను. “అది నేను అడిగిన ప్రశ్న కాదు” అన్నది మా అమ్మాయి. నిజమే, కాదు.

ఆ శనివారం తెలుగు బడి అయ్యాక దానిని కాలిన్స్ బ్యారక్స్‌కు తీసుకువెళ్ళాను. ఎర్ర లువాస్ ఎక్కితే మ్యూజియం అనే స్టాపులోనే దిగవచ్చు, ప్రవేశం ఉచితం. ఇంకా చూడని కుటుంబాలు తప్పక చూడాలి. పద్దెనిమిదవ శతాబ్దం మొదట్లో కట్టిన ఆ భవనాలు 1922 దాకా బ్రిటిష్ సైన్యపు రాయల్ బ్యారక్స్. ఇప్పుడు జాతీయ మ్యూజియంలో భాగం. 1550 నుంచి నేటి దాకా స్వదేశంలోనూ, పరదేశాలలోనూ పోరాడిన ఐరిష్ సైనికుల మీద అక్కడ ఒక పెద్ద ప్రదర్శన ఉంది. రెండు వైపులవాళ్ళనూ ఒకే కప్పు కింద ఉంచారు. మా అమ్మాయి దీనిని గమనించి “ఇక్కడ వైపులు లేవు” అన్నది. ఉన్నాయి, కాని పక్కపక్కన ఉన్నాయి.

అక్కడి నుంచి వచ్చాక నేను రాత్రిళ్ళు ఆ రెజిమెంట్ల పూర్వచరిత్ర చదవసాగాను. ఇది నాకు ఒక వ్యసనంలా పట్టుకుంది. పెద్దాయన తాతగారి డబ్లిన్ ఫ్యూసిలియర్స్ ఆ పేరు పెట్టుకున్నది 1881లో. అంతకు ముందు మొదటి పటాలం పేరు మద్రాస్ ఫ్యూసిలియర్స్; ఈస్టిండియా కంపెనీ మద్రాసులో పెట్టుకున్న తెల్లవాళ్ళ పటాలం అది. అంటే ఆ డబ్బాలోని కాగితం మీద మద్రాసు అని ఉండడం యాదృచ్ఛికం కాదు. ఆ పటాలానికి పుట్టినూరే అది. ఇక కెర్రీలోని ట్రలీ కేంద్రంగా ఉన్న రాయల్ మన్‌స్టర్ ఫ్యూసిలియర్స్ సంగతి ఇంకా చిత్రం. అది బెంగాల్ యూరోపియన్ పటాలపు వారసురాలు. దాని యుద్ధగౌరవాల జాబితాలో కండోర్, మసూలిపటాం అని రెండు పేర్లున్నాయి. మసూలిపటాం మన బందరు అని ఎవరికైనా తెలుస్తుంది. కండోర్ ఎక్కడిదని రెండు రోజులు కొట్టుకున్నాను. గొల్లప్రోలు దగ్గరి చెందుర్తి! మా అమ్మమ్మగారి ఊరికి వెళ్ళే దారి. 1758 డిసెంబరులో అక్కడ కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందగజపతి ఒకవైపు, ఫ్రెంచివాడు కాన్‌ఫ్లాన్స్ ఒకవైపు నిలిచి యుద్ధం చేశారు. 1759 ఏప్రిల్లో ఫోర్డ్ బందరు కోటను రాత్రివేళ ముట్టడించి పట్టుకున్నాడు. ఆ ఫ్రాన్సిస్ ఫోర్డ్ ఐర్లండువాడు, కౌంటీ డౌన్‌లోని సీఫోర్డ్ కుటుంబంవాడు. సర్కారు జిల్లాలు కంపెనీవారి చేతికి చిక్కడానికి దారి తీసింది ఆ విజయమే.

ఆ రెండు యుద్ధాలలోనూ తెల్లవాళ్ళు వందల్లో ఉంటే సిపాయీలు వేలల్లో ఉన్నారు. మద్రాసు నుంచి బెంగాలుకు మొదట వెళ్ళిన సిపాయీలలో తెలుగువాళ్ళు ఎంత మంది ఉండేవారంటే, ఉత్తరాదిలో చాలాకాలం సిపాయికి తిలంగా అనే పేరే నిలిచిపోయింది. ఒక జాతి పేరు ఒక ఉద్యోగానికి పేరైంది. గర్వించాలో సిగ్గుపడాలో తేల్చుకోలేని సంగతులలో ఇది ఒకటి.

వాళ్ళకు పతకాలు ఎప్పుడు వచ్చాయి? ఇక్కడ చరిత్ర కొంత క్రూరంగా ఉంది. 1803లో అసాయీ యుద్ధంలో పోరాడిన సిపాయికి దానికి తగిన ఆర్మీ ఆఫ్ ఇండియా పతకం మంజూరైనది 1851లో. నలభై ఎనిమిదేళ్ళ తరువాత, అదీ బతికి ఉన్నవారికే. ఇరవై ఏళ్ళ వయసులో తుపాకి పట్టినవాడు అరవై ఎనిమిదేళ్ళ దాకా ప్రాణాలు నిలుపుకుంటే వెండి దక్కేది. లేత నీలం రిబ్బను, తాటిచెట్టు పక్కన కూర్చున్న విజయలక్ష్మి బొమ్మ. ఎంతమంది మద్రాసు సిపాయీలు ఆ ఏడాది దాకా ఓపిక పట్టగలిగి ఉంటారు?

1854లో వచ్చిన ఇండియా జనరల్ సర్వీస్ పతకం కొంత నయం. ఒక్కొక్క దండయాత్రకు ఒక్కొక్క పతకం ఇవ్వకుండా, అదే పతకం పైన యుద్ధం పేరున్న వెండి పట్టీ ఒకటి చేర్చేవారు. 1895 దాకా ఇరవైకి పైగా పట్టీలు వచ్చాయి. ఎక్కువకాలం కొలువు చేసినవాడి పతకం నిచ్చెనలా పైకి పెరుగుతుంది. మొదటి పట్టీ పేరు పెగూ, రెండవ బర్మా యుద్ధానిది. 1852 చివరలో పెగూ పట్టణాన్ని కొద్దిమందితో కాపాడినవారిలో మద్రాస్ ఫ్యూసిలియర్స్, మద్రాసు నేటివ్ ఇన్‌ఫంట్రీ సిపాయీలు పక్కపక్కన ఉన్నారు. ఇద్దరికీ ఒకే బరువు వెండి, ఒకే ఎరుపు నీలం రిబ్బను. జీతాలు మాత్రం ఒకటి కావు.

ఈ పతకాలన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయని మా అమ్మాయి అడిగింది. చాలా భాగం సేకర్తల దగ్గర. పతకాల సేకరణ విక్టోరియా రాణి కాలం నుంచే పెద్దమనుషుల వ్యాపకం. ఇండియా ఆఫీసులో పనిచేసిన జాన్ హార్స్లీ మేయో 1897లోనే దీనిమీద పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. 1942లో పరిశోధకులు బ్రిటన్‌లో ఒక సంఘం పెట్టుకున్నారు. నాణేల సేకర్తకు కావలసినది నాణెపు అరుదుతనం. పతకాల సేకర్తకు కావలసినది అంచు మీది పేరు. ముఖం వైపు అందరివీ ఒక్కటే, అంచు దగ్గరనే మనిషి మొదలవుతాడు. అందుకని అంచు అరగదీసి వేరే పేరు చెక్కిన పతకాన్ని వాళ్ళు ముట్టరు. పాలిష్ పెట్టనివ్వరు. ఒక సైనికుడి మూడు పతకాలు మూడు చేతుల్లో పడితే, వాటిని మళ్ళీ కలపడానికి ఏళ్ళ తరబడి వేలంపాటల చుట్టూ తిరిగేవాళ్ళున్నారు.

డబ్లిన్‌లో ఒక హోటలు హాలులో నాణేలు, పతకాల అంగళ్ళు పెట్టారని తెలిసి మేమిద్దరం వెళ్ళాము. ఒక బల్ల మీద, గాజు మూత కింద, పెగూ పట్టీ ఉన్న పతకం కనిపించింది. అంచు మీద సిపాయి అని, ఒక పేరు, మద్రాసు నేటివ్ ఇన్‌ఫంట్రీ అని ఉంది. పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపించిందో అలా ఉన్నది. వెంకటస్వామి అయి ఉండాలి. తెలుగువాడో తమిళుడో ఆ ఒక్క మాటలో తేలదు. అమ్మే ఆయన మంచి మాటకారి, నిజాయితీపరుడు. “ఇవి మాకు అంత పలకవు. ఆ రెజిమెంటులో అదే పేరు ఆరుగురికో ఏడుగురికో ఉంటుంది, ఏ ఒక్కరికీ కాగితాలుండవు. ఐరిష్ పేరైతే దీనికి ఎన్నో రెట్లు” అన్నారు.

మా అమ్మాయి నా చెయ్యి లాగి తెలుగులో అన్నది, “కొను నాన్నా. ఈ తాతకు ఎవరూ లేరు.”

నేను కొనలేదు. ధర ఎక్కువై కాదు. దానిని మా ఇంటి గూట్లో పెడితే ఎవరి తాతనో మా తాతగా చెప్పుకున్నట్టవుతుందని ఆ నిమిషంలో అనిపించింది. ఇప్పటికీ నాకు ఆ నిర్ణయం మీద నమ్మకం లేదు. ఒక్క మాట ఒప్పుకోవాలి: సేకర్తలను చూసి, చచ్చినవాళ్ళ సొమ్ముతో వ్యాపారమేమిటని నేను చాలాకాలం అనుకున్నాను. కాని వెంకటస్వామి పేరు నూట డెబ్బై ఏళ్ళుగా నిలిచినది ఆ వ్యాపారం వల్లనే. బస్రా తాత పేరున్న అంచును కరిగించినది మేము. 1980 జనవరిలో వెండి ధర ఆకాశానికి ఎగిరినప్పుడు ఇంగ్లండులో కూడా ఎన్నో వెండి పతకాలను తూకానికి అమ్ముకున్నారని సేకర్తలు బాధపడతారు. మా తాతమ్మ వాళ్ళకంటే నలభై ఏళ్ళ ముందుగా ఆ పని చేసింది, అంతే తేడా.

ఇంటికి వచ్చి, పెద్దాయన డబ్బా తిరిగి ఇచ్చేముందు, ఒక పిచ్చిపని చేశాను. వంటింటి త్రాసు మీద ఆయన తాత వెండి పతకాన్ని పెట్టాను. రిబ్బను తీస్తే ముప్పై రెండు గ్రాములు. తరువాత మా ఉగ్గుగిన్నె పెట్టాను. నలభై ఒకటి.

కరిగిస్తే వెండి తరుగుతుంది గాని పెరగదు. కంసాలి తరుగు ఎంతో కొంత పోతుంది కూడా. అయితే మిగిలిన తొమ్మిది, పది గ్రాముల వెండి ఎక్కడిది? రూపాయి బిళ్ళ కలిపారేమో అనుకున్నాను. ఆ రోజుల్లో రూపాయి ఒక తులం తూగేది, లెక్క ఇంచుమించు సరిపోతుంది. మా అమ్మకు ఫోను చేస్తే, “ఆ సంగతులు నాకేం తెలుసు, నేను కోడలిని. మీ అత్తయ్యను అడుగు” అన్నది. ఇన్నేళ్ళలో మేమెవరమూ అత్తయ్యను అడగలేదు. కథ చెప్పేది ఎప్పుడూ నాన్నగారే, ఆవిడ పక్కన కూర్చొని వినేది.

అత్తయ్యకు ఎనభై నాలుగేళ్ళు. తాడేపల్లిగూడెంలో కొడుకు దగ్గర ఉంటుంది. చెవి కొంచెం మందం కాబట్టి ఫోనులో అరిచి మాట్లాడాలి. గిన్నె తూకం చెప్పాను.

“తొమ్మిది గ్రాములంటే ఎంతరా? తులాల్లో చెప్పు.”

“ముప్పాతిక తులం, అత్తయ్యా.”

కొంతసేపు ఏమీ వినిపించలేదు. లైను పోయిందనుకున్నాను.

“అవి మా మామ్మ మట్టెలు” అన్నది అత్తయ్య.

ఈ వాక్యం పిల్లలకు విడమరిచి చెప్పాలి. పెళ్ళయిన తెలుగు స్త్రీ కాలివేళ్ళకు పెట్టుకునే వెండి చుట్లు మట్టెలు. భర్త బతికి ఉండగా ఆ తరం ఇల్లాలు వాటిని తీయదు, కరిగించడమన్న మాటే లేదు. తాతమ్మ మట్టెలు గిన్నెలో కలిశాయంటే, గిన్నె పోయించిన నాటికి బస్రా తాత లేరు. మనుమడి నోటికి బిళ్ళ పనికొస్తుందని ఆయన అనలేదు. మూడు నెలలు ఆయన అలిగీ ఉండలేదు.

“మరి నాన్నగారు అలా చెప్పేవారేం?”

“వాడికెవరు చెప్పారు? వాడు పుట్టేటప్పటికి తాత పోయి ఏడాదైంది. పురుడు వచ్చిన ఇంట్లో ఈ మాట ఎవరంటారు? మామ్మ నాకు చెప్పింది. ఆ రెండూ పాతగుడ్డలో మూటకట్టి బియ్యం కుండలో దాచుకుందట. కంసాలి ఒద్దన్నాడట, వేరువేరుగా పోస్తానన్నాడట. కలిపే పొయ్యమంది.”

అమ్మాయి నా పక్కనే నిలబడి ఫోనుకు చెవి ఆనించి వింటున్నది. సగమే అర్థమైంది దానికి. “కంచు బిళ్ళలు ఏమయ్యాయి మామ్మా?” అని అరిచింది.

అత్తయ్య ఒక్కసారిగా నవ్వింది. “ఒకటేమో ఎరగను. రెండోదానితో నేను తొక్కుడుబిళ్ళ ఆడాను. బరువుగా ఉండి గీత దాటేది కాదు, నేనే గెలిచేదాన్ని. ఒకరోజు చెరువులో పడింది.”

తరువాతి ఆదివారం పెద్దాయన డబ్బా తీసుకువెళ్ళడానికి వచ్చారు. ముగ్గురం ఆయన కారులో ఫీనిక్స్ పార్కు మీదుగా ఐలండ్‌బ్రిడ్జికి వెళ్ళాము. ఆయనకు వెళ్ళాలని ఉందట గాని ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళలేదట. యుద్ధంలో పోయిన 49,400 మంది పేర్లు అక్కడి పుస్తకాలలో ఉన్నాయి. ఢిల్లీలో ఇండియా గేటు గీసిన లట్యెన్స్ ఈ తోటనూ గీశాడు. తోట పని చేసిన కూలీలలో సగంమంది బ్రిటిష్ సైన్యపు మాజీలు, సగంమంది ఐరిష్ సైన్యపు మాజీలు. 1930లలోనే కట్టడం ముగిసినా, దశాబ్దాలపాటు గడ్డి పట్టి పడి ఉండి 1988లో గాని లాంఛనంగా అంకితం కాలేదు. తిరిగి వచ్చినవాళ్ళ పేర్లు అక్కడ ఉండవు. ఆయన తాత పేరు లేదు, మా తాత పేరు ఢిల్లీలోనూ లేదు. రాతి మెట్ల మీద కూర్చొని ఫ్లాస్కులోని టీ తాగాము. మట్టెల సంగతి ఆయనకు చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఇంగ్లీషులో ఆ మాటకు బరువు రాదు. మా అమ్మాయి తన బూటు విప్పి, మేజోడు మీద వేలు చూపించి చెప్పింది. ఆయనకు అర్థమైంది. చాలాసేపు తన చేతి ఉంగరం తిప్పుకుంటూ కూర్చున్నారు. ఆయన భార్య పోయి నాలుగేళ్ళు.

డబ్బాను కూతురి ఊరికి తీసుకువెళుతున్నానని, అటక మీద పెట్టనని చెప్పారు.

మొన్న అత్తయ్య మళ్ళీ ఫోను చేసింది, తానుగా. గిన్నె రోజూ తోముతున్నారా లేక గూట్లో నల్లబడుతున్నదా అని అడిగింది. నల్లబడుతున్నదని చెప్పాను. సేకర్తలు పాలిష్ పెట్టవద్దంటారని కూడా చెప్పబోయాను.

“చింతపండు దొరకదా మీ ఊళ్ళో?” అన్నది.